బేస్ పడితే హెడ్‌లైట్లు కుంగుతున్నాయి: కెపాసిటర్ కొనాలా, గ్రౌండు చూడాలా?

సీతమ్మధార_డిక్కీ
హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ స్పీకరు). రెండు 4 ఓమ్‌ల కాయిళ్లు ప్యారలల్‌గా కలిపి 2 ఓమ్‌లు చేశారు. ఆంప్ (యాంప్లిఫయరు) మోనోబ్లాక్, అంటే ఒకే ఛానల్‌ది, 2 ఓమ్‌ల దగ్గర 500 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ (ఆగకుండా ఇవ్వగల పవరు). వైరు కిట్‌తో వచ్చిన 4 గేజ్ (తీగ మందం కొలత), గ్రౌండు (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే చోటు) వెనక సీటు బోల్టుకి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బేస్ పడితే లైట్లు కుంగుతున్నాయి, ఒక్కోసారి ఆంప్ ప్రొటెక్ట్‌లోకి పోతోంది (తనను కాపాడుకోవడానికి ఆగిపోతోంది). బిగించినాయన 1 ఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు దాచి చటుక్కున ఇచ్చేది) వేయించమంటున్నారు. వేయించాలా?

గాజువాక_వైరింగ్
కెపాసిటర్ జోలికి పోకండి, ముందు గ్రౌండు చూడండి. సీటు బోల్టు గ్రౌండు కాదు. బోల్టు మరల మీద గ్లూ, కింద పెయింటు ఉంటాయి. పైగా సీటు బోల్టు, బెల్టు బోల్టు ప్రాణానికి సంబంధించినవి, వాటి కింద లగ్గు (తీగ కొసన ఉండే రింగు) దూర్చి బిగింపు చెడగొట్టకూడదు.

ఆంప్‌కి అర మీటరు లోపు మందపాటి బాడీ రేకు వెతకండి. డ్రిల్లు పెట్టేముందు కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు లేవని వంగి చూసుకోండి. లగ్గు కంటే కాస్త పెద్దగా పెయింటు గీకి, రేకు మెరిసేదాకా ఎమరీ పేపరు పట్టండి. టిన్ పూత లగ్గు, స్టార్ వాషరు, నైలాక్ (వదులు కాని) నట్టు వాడండి. బిగించాకే పైన పెయింటు పూయాలి. మన సముద్రపు గాలికి గీకిన రేకును వట్టిగా వదిలేస్తే ఒక్క వానాకాలం కూడా ఆగదు.

ఇక కొలత. మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు ఆంప్ గ్రౌండు టెర్మినల్ మీద, రెండోది పొడుగు తీగతో బ్యాటరీ నెగటివ్ మీద ఉంచండి. 50 హెర్ట్జ్ టోన్ గట్టిగా పెట్టినప్పుడు 0.1 వోల్టు దాటకూడదు.

ఎంవీపీ_లౌడ్
మాస్టారూ, ఆయన అడిగింది లైట్ల సంగతి. సీటు బోల్టు గ్రౌండు చెడితే ఆంప్ కుంగాలి, హెడ్‌లైట్లు ఎందుకు కుంగుతాయి? వాటికీ ఆ బోల్టుకీ సంబంధం లేదు కదా.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు, ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పే కరెంటు జనరేటరు) పూర్తి కరెంటు ఇవ్వదు. క్లాస్ డీ (తక్కువ వేడి పుట్టించే రకం) ఆంప్‌కి 80 శాతం సామర్థ్యం అనుకున్నా, 500 వాట్లకి 13.8 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ, లైట్లు పోగా ఐడిల్‌లో అంత ఎక్కడిది? కెపాసిటర్ ఆంప్ పక్కనే ఉంటుంది కాబట్టి దెబ్బ పడిన క్షణంలోనే ఇస్తుంది. వేయించండి.

కంచరపాలెం_ఫ్యూజు
మెయిన్ ఫ్యూజు ఎక్కడుందో ఎవరూ అడగలేదు. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి, 60 ఆంపియర్లది. డిక్కీలో ఉంటే దారిపొడవునా వైరుకి రక్షణ లేనట్టే.

గాజువాక_వైరింగ్
ఆ కెపాసిటర్ ఎంతసేపు ఇస్తుందో లెక్క వేయండి. 1 ఫారడ్ 13.8 నుంచి 12.8 వోల్టులకి దిగితే ఇచ్చేది 13 జౌల్స్. 500 వాట్లు బయటికి పంపాలంటే ఆంప్ సెకనుకి 625 జౌల్స్ మింగుతుంది. అంటే 0.02 సెకను, 50 హెర్ట్జ్‌లో ఒక్క అల. దాన్ని మళ్లీ నింపాల్సింది కూడా ఆ ఆల్టర్నేటరే.

లైట్లు గ్రౌండు వల్ల కుంగవని ఎవరన్నారు? బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజనుకి కంపెనీ వేసిన తీగలు ఉంటాయి. ఆంప్ కరెంటూ, లైట్ల కరెంటూ తిరిగి రావాల్సిన దారి అదే. దాని కొసన పచ్చగా చిలుము పట్టిందంటే రెండూ కుంగుతాయి.

ఎంవీపీ_లౌడ్
పాటలో టోన్ ఏకబిగిన మోగదు. డప్పు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది, కెపాసిటర్ నిండేది అప్పుడే. మీరు ఏ థ్రెడ్‌లోనైనా గ్రౌండు తప్ప ఇంకోటి మాట్లాడరు. రేకు గీకినంత మాత్రాన ఆల్టర్నేటర్ పెరుగుతుందా?

గాజువాక_వైరింగ్
డప్పు దెబ్బ కూడా 0.02 సెకనులో అయిపోదు. గ్రౌండు కొలవకుండా కెపాసిటర్ అంటగట్టే పని ఊరంతా జరుగుతోంది. కిట్టు మీద 4 గేజ్ అని ఉంటుంది, తొక్క ఒలిస్తే లోపల సన్నటి సీసీఏ. రాగి పూసిన అల్యూమినియం అది. అదే మందంలో అసలు రాగికన్నా నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది. దానికి కెపాసిటర్ తగిలించి డబ్బు తీసుకోవడం తప్పు. మీలాంటి వాళ్లు వంత పాడబట్టే అది నడుస్తోంది.

ఎంవీపీ_లౌడ్
నేను ఎవరికీ వంత పాడలేదు. మాట వెనక్కి తీసుకోండి.

మధురవాడ_సౌండు
ఇద్దరూ ఆగండి. ఆయన్ని ముందు వోల్టేజీ కొలవనివ్వండి.

సీతమ్మధార_డిక్కీ
కొలిచాను. టోన్ పెట్టి చూస్తే సీటు బోల్టు గ్రౌండు దగ్గర 0.42 వోల్టులు. బ్యాటరీ పోస్టుల మీద ఐడిల్‌లో 12.3కి దిగుతోంది, 2000 ఆర్‌పీఎమ్‌లో 13.6 ఉంటోంది. ఆంప్ మీద గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టే నాబ్) ముప్పావు దాటి ఉంది, బేస్ బూస్టు చివరిదాకా తిప్పి ఉంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉంది.

గాజువాక_వైరింగ్
0.42 అంటే, 45 ఆంపియర్లు లాగినప్పుడు 19 వాట్లు ఆ బోల్టు దారిలోనే వేడిగా పోతున్నాయి. ప్రొటెక్ట్‌కి అదీ ఒక కారణం కావచ్చు. బూస్టు ముందు సున్నా చేయండి. 12 డెసిబెల్స్ బూస్టు అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర 16 రెట్లు పవరు అడగడం. క్లిప్ అయి (అల కొసలు తెగి) కాయిలు కాలేది అక్కడే.

గెయిన్ ఇలా పెట్టండి. స్పీకరు తీగలు ఆంప్ నుంచి విప్పండి. ఇంజను ఆన్‌లో ఉండాలి. హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డులోని స్టీరియో) ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) ఫ్లాట్, వాల్యూమ్ 40కి 30. లో పాస్ ఫిల్టరు (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) పైకి, సబ్‌సోనిక్ (మరీ కింది వాటిని ఆపేది) కిందికి తిప్పేయండి, లేకపోతే టోన్‌ని అవే కోసేస్తాయి. 0 డెసిబెల్ 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మీటరు ఏసీ వోల్టుల్లో ఉంచి, స్పీకరు టెర్మినళ్ల మీద 24.5 వోల్టులు వచ్చేదాకా గెయిన్ మెల్లగా తిప్పండి. 2 ఓమ్‌ల మీద అది 300 వాట్లు. తర్వాత లో పాస్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పెట్టె పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్నది) అయితే సబ్‌సోనిక్ ఆ పెట్టె ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కంటే నాలుగైదు హెర్ట్జ్ కింద.

ఎంవీపీ_లౌడ్
ఇప్పుడు బయటపడింది. గ్రౌండు పేరు చెప్పి మొదట్నుంచీ మీరనేది తగ్గించుకోమని. ఆయన డబ్బు పోసింది 500 వాట్లకి, 300కి ఎందుకు సర్దుకోవాలి? 500కి 31.6 వోల్టులు కావాలి. అదీ కాగితం మీదే. పెట్టెలో కోను కదులుతుంటే ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 2 ఓమ్‌ల కంటే పెరుగుతుంది, 31.6 ఇచ్చినా 500 రావు. అందుకే హెడ్‌రూమ్ (మిగులు పవరు) కావాలి. తగ్గించాల్సింది గెయిన్ కాదు, పెంచాల్సింది సప్లై.

గాజువాక_వైరింగ్
అవును, తగ్గించమనే అంటున్నాను. ఐడిల్‌లో 12.3 చూపించే బండిని 500 అడగకూడదు. 300కీ 500కీ తేడా 2.2 డెసిబెల్స్, అంతే. దానికోసం రోజూ బ్యాటరీని పీల్చేస్తే ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగినప్పుడు స్టార్టు కాదు. ముందు బండి ఎంత ఇవ్వగలదో చూడాలి, ఆంప్ ఆ తర్వాత.

ఎంవీపీ_లౌడ్
నాకది తిరగబడిన లెక్క. కావలసిన సౌండు ముందు, బండిని దానికి తగ్గట్టు చేసుకోవాలి. ఆల్టర్నేటర్ పాజిటివ్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి అసలు రాగి 4 గేజ్ అదనంగా వేయించండి. కంపెనీ తీగలు అలాగే ఉంచాలి. ఆల్టర్నేటర్ తీగకి రెండు కొసల దగ్గరా ఫ్యూజు పెట్టాలి. ఇంజను గదిలో పట్టే సైజులో ఏజీఎమ్ (యాసిడ్ ఒలకని రకం) బ్యాటరీ వేయండి. అప్పటికీ ఐడిల్‌లో 12.8 కింద ఉంటే ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేయాల్సిందే. ఐడిల్ లోటుకి కెపాసిటర్ చాలదన్నది మాత్రం ఆ కొలత చూశాక ఒప్పుకుంటున్నాను.

సీతమ్మధార_డిక్కీ
కెపాసిటర్ వద్దని చెప్పేశాను. గ్రౌండు కొత్త చోటికి మార్చి, మూడు తీగలూ వేయించి, మొదట 24.5 దగ్గరే ఆపుతాను. ఐడిల్ వోల్టేజీ కొలిచి ఇక్కడే రాస్తాను. 31.6కి వెళ్లాలో వద్దో అప్పుడు ఇద్దరూ చెప్పండి.

గాజువాక_వైరింగ్
తీగలు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. బాడీ తీగ లగ్గు కింద చిలుము ఉంటే గీకకుండా కొత్త తీగ దాని మీద వేయొద్దు.