ఫ్లోరోసిస్ ఎక్స్‌రే క్లాసు: ఊరు పేరు ముందు చెప్పాలా, తర్వాతా?

నల్లగొండలో ఎంబీబీఎస్ పిల్లలకు ఎముకల ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు) మీద ఒక క్లాసు తయారవుతోంది. బోధనలో ఉన్నవాళ్ల సలహా కావాలి.

వెన్నుపూసలు, కటి ఎముకలు తెల్లగా చిక్కబడి కనబడి, మనిషిది మర్రిగూడ (ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మండలం) అని తెలిస్తే చాలు, పిల్లలు ఫ్లోరోసిస్ అనేస్తరు. అరవై దాటిన మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా దాదాపు అట్లనే ఉంటది. అందుకే ముంజేతి ఫిల్మ్ కూడా జత చేస్తున్నాం. ముంజేతి రెండెముకలైన రేడియస్, అల్నా నడుమ పొరలో కాల్షియం పేరుకుంటే ఫ్లోరోసిస్ వైపే మొగ్గు. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రెండింట్లోనూ పెరగొచ్చు కాబట్టి దానితో తేలదు. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడాల్సిందే.

మూత్రం ఫ్లోరైడ్ ఇంకో తలనొప్పి. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే తీయాలి. ఎలక్ట్రోడ్‌తో కొలిచేముందు టిసాబ్ బఫర్ (ఫ్లోరైడ్‌ను విడిగా ఉంచే ద్రావణం) కలపకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని రీడింగ్ తక్కువొస్తది. పైగా మూత్రం ఫ్లోరైడ్ ఈమధ్య ఒంట్లోకి పోయినదాన్నే ఎక్కువగా చూపిస్తది. మిషన్ భగీరథ నల్లా నీళ్లకు మారినవాళ్లలో అంకె మామూలుగానే రావొచ్చు, ఎముక మాత్రం పాత కథే చెప్తది.

ఊరు దాచి ముందు ఫిల్మ్ చూపిస్తే మేలా? ముంజేతి పొర ఇంకా మామూలుగానే ఉన్న తొలిదశ కేసులను మీరెట్లా చెప్తున్నరు?