పల్లెలో ఇంటికి నెట్: ఫైబరా, సిమ్ రూటరా?

ప్రశ్న: మా ఊళ్లోకి కరెంటు స్తంభాల మీదుగా ఏపీ ఫైబర్ వచ్చింది. సెల్ టవర్ రెండు కిలోమీటర్లు. ఇంటి నుంచే ఆఫీసు పని. ఏది పెట్టించుకోమంటారు?

జవాబు: ఫైబరే అండీ. బిగించిన రోజే, తీగలో వచ్చే వెలుతురు బలాన్ని కొలిచే పవర్ మీటర్ రీడింగ్ చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి మైనస్ 28, 29 అలా ఇంకా బలహీనపడితే లింకు తెగుతూనే ఉంటుంది. కనెక్టర్‌లో దుమ్మో, గోడ మూల దగ్గర తీగ మడతపడటమో కారణం. వదలకుండా సరిచేయించుకోండి.

జవాబు: కరెంటు సంగతీ చూడండి. మోడెం అడాప్టర్ 12 వోల్టులదైతే కరెంటు పోయినప్పుడు మోడెంను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె, అంటే మినీ యూపీఎస్, అదే వోల్టేజీది కొనండి. కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేకపోతే మాత్రం అది దండగే, ముందే అడగండి.

జవాబు: మోడెం మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలిగితే రీస్టార్ట్ చేసి లాభం లేదు, తీగలో వెలుతురే రావట్లేదన్నమాట. అలాంటి రోజులకు 4జీ సిమ్ ఒకటి ఉంచుకోండి.