నాలుక అంగిలికి ఆనిస్తే దవడ మారుతుందా?

తుంగభద్ర గట్టు:
మా తమ్ముడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నాడు. కొన్ని నెలలుగా నాలుకను అంగిలికి నొక్కిపెట్టి ఉంచుతున్నాడు. ఏదైనా అడిగితే నోరు విప్పడు, దవడ వైపు వేలు చూపిస్తాడు. దీన్ని మ్యూయింగ్ అంటారట. బుగ్గలు లోపలికి పోయి ముఖం కోలగా వస్తుందట. ఇప్పుడు నమలడానికి గట్టి చూయింగ్ గమ్ కూడా తెప్పించాడు. ఇందులో నిజమెంత?

రాజ్‌విహార్ వాసి:
నిజం ఉందండీ. అమెరికాలో హార్వోల్డ్ అనే పరిశోధకుడు కోతుల ముక్కులు మూసి, నోటితో ఊపిరి తీసుకునేలా చేస్తే వాటి దవడలు, పళ్ల వరుస మారిపోయాయి. మన పెద్దవాళ్లను చూడండి, జొన్నరొట్టె నమిలిన దవడలు అవి. ఇప్పటి పిల్లలకు అన్నీ మెత్తటివే. నాలుకకు ఖర్చు లేదు కాబట్టి డాక్టర్లకు ఇది నచ్చదు. క్లిప్పులు వేస్తేనే కదా వాళ్లకు ఆదాయం!

కడప దంతవైద్య విద్యార్థిని:
క్లిప్పుల మీద కోపం కాసేపు పక్కన పెట్టండి సార్. హార్వోల్డ్ ప్రయోగం నిజమే, కానీ అవి ఎదుగుతున్న కోతులు. ఈ అబ్బాయి ఎదుగుదల దాదాపు ముగిసింది. అంగిలి మధ్యలో రెండు ఎముకల నడుమ ఒక అతుకు ఉంటుంది. చిన్నపిల్లల్లో అది ఇంకా బిగుసుకోదు కాబట్టే స్క్రూ ఉన్న పరికరంతో అంగిలిని వెడల్పు చేయగలుగుతారు. యుక్తవయసు దాటాక చాలామందిలో స్క్రూకే అది లొంగదు. నాలుకకు లొంగుతుందా?

మ్యూయింగ్‌కు ఆ పేరు బ్రిటన్ దంతవైద్యులు, తండ్రీకొడుకులు జాన్ మ్యూ, మైక్ మ్యూల నుంచి వచ్చింది. అక్కడ దంతవైద్యులను నియంత్రించే జనరల్ డెంటల్ కౌన్సిల్ పరిధిలో తండ్రి 2017లో, కొడుకు 2024లో వైద్యం చేసే అర్హత కోల్పోయారు.

రాజ్‌విహార్ వాసి:
పట్టా తీసేస్తే సిద్ధాంతం తప్పైపోతుందా? మా అన్న కొడుకు పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది. ముఖ వ్యాయామాలు చేసినవారు దాదాపు మూడేళ్లు చిన్నగా కనిపించారని 2018లో అమెరికాలోనే అధ్యయనం వచ్చింది.

కడప దంతవైద్య విద్యార్థిని:
పట్టా పోయినంత మాత్రాన తప్పు కాదు, సరే. అందుకే ఆధారం అడుగుతున్నాను. గడ్డం కాస్త ముందుకు చాచి, వెలుతురు పక్కనుంచి పడేలా నిలబడితే ఎవరి దవడైనా తేలుతుంది. ఆ రెండు ఫొటోల మధ్య అబ్బాయి బరువు ఎంత తగ్గిందో కూడా చెప్పండి.

మీరన్న అధ్యయనం నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానిది. 40 నుంచి 65 ఏళ్ల మహిళలు 27 మంది మొదలుపెడితే, 20 వారాలూ పూర్తి చేసినవారు 16 మంది. పోల్చి చూడటానికి వ్యాయామం చేయని బృందమే లేదు. అసలు విశేషం, అందులో కనిపించిన మార్పు బుగ్గలు నిండుగా కావడం! బుగ్గలు తగ్గాలని తపస్సు చేస్తున్నవాడికి ఇది వరమా?

అనంతపురం అమ్మ:
మా ఏడేళ్ల పాప నోరు తెరిచి నిద్రపోతుంది, గురక కూడా పెడుతుంది. నాలుక ఇలా ఉంచమని నేర్పించవచ్చా?

కడప దంతవైద్య విద్యార్థిని:
ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరుకు చూపించండి అక్కా. ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్లు అనే మెత్తటి కణజాలం పెరిగి దారి మూసుకుంటే, నాలుకతో నోరు కూడా మూయించాక గాలి ఎటు వెళ్తుంది? ఆలస్యం చేయకండి. ముఖం పొడవుగా సాగి, పై పళ్లు ముందుకు వచ్చే ప్రమాదం ఈ వయసులోనే. కోతుల కథ వర్తించేది మీ పాపకు.

రాజ్‌విహార్ వాసి:
అంటే ఊపిరి ముఖాన్ని మారుస్తుందని ఒప్పుకున్నట్టే కదమ్మా!

కడప దంతవైద్య విద్యార్థిని:
ఏడేళ్లకు ఒప్పుకుంటాను, ఇరవై ఏళ్లకు ఒప్పుకోను. పెద్దల్లో కూడా నాలుక, గొంతు వ్యాయామాలు నిద్రలో ఊపిరి ఆగే సమస్యను తగ్గిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడ పని చేసేది కండరం. ఎముక సంగతి వేరు.

తుంగభద్ర గట్టు:
మరి గమ్?

కడప దంతవైద్య విద్యార్థిని:
గంటల తరబడి నమిలితే దవడ మూల దగ్గరి కండరం లావెక్కుతుంది. ముఖం కోలగా కాదు, పలకగా తయారవుతుంది. చెవి ముందు కీలు టక్కుమని మోగినా, నోరు తెరిస్తే నొప్పి పుట్టినా వెంటనే ఆపించండి. నాలుకను ఊరికే ఆనించుకుంటే పెద్దగా నష్టం లేదు, పళ్ల మీద మాత్రం నొక్కవద్దు.

తుంగభద్ర గట్టు:
టక్కుమనడం కొన్నాళ్లుగా ఉందట, ఇప్పుడు గట్టిగా అడిగితే చెప్పాడు. గమ్ డబ్బా నా బీరువాలో పెట్టేశాను. రాజ్‌విహార్ గారూ, మీ అన్న కొడుకును కూడా ఒకసారి అడిగి చూడండి.