లెక్కల పీరియడ్‌లో ముగ్గు వేయించవచ్చా?

సుద్దముక్క:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. బొమ్మ, పాట, ఆట పాఠంలోనే కలపమని ట్రైనింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ చెబుతున్నారు. నాకూ ఇష్టమే. కానీ 45 నిమిషాల పీరియడ్, వెనకే సిలబస్ టెన్షన్. నిరుడు వర్గ సంఖ్యలప్పుడు చార్టులకి రంగులు వేయించాను. సంతోషంగా వేశారు, లెక్క మాత్రం ఒక్కరికీ గుర్తులేదు. ఎవరైనా చేసి చూసిన పద్ధతి ఉంటే చెప్పండి.

వాకిలి:
మేడమ్, చార్టుకి రంగు వేయడానికి లెక్కతో పనిలేదు కదా. ముగ్గులో అయితే చుక్క తప్పితే గీత కలవదు.

“5 చుక్కలు, సందు చుక్క, 1 వచ్చేదాకా” అంటే చాలు, మా ఊరి ఆడపిల్లలకి ఇంకేం చెప్పక్కర్లేదు. నడుమ వరస 5, పైనా కిందా ముందు వరస చుక్కల సందుల్లో పడేలా 4, 3, 2, 1. లెక్కపెడితే 25. 6తో మొదలుపెడితే 36, 7తో 49. మూడో ముగ్గుకి ఎవరో ఒకరు “టీచర్, అయిదైదులు, ఆరార్లు, ఏడేళ్లు!” అని అరుస్తారు. అప్పుడు ఏటవాలుగా చూడమంటాను. అయిదేసి చుక్కల వరసలు అయిదు కనిపిస్తాయి.

మొదటిసారి నేనే వేసి చూపించాను, అది పొరపాటు. పిల్లలు చుట్టూ నిలబడి చూసి వెళ్లిపోయారు. ఇప్పుడు పిండి వాళ్ల చేతికే ఇస్తాను. క్లాసులో నోరు విప్పని పాప ఒకతి ఉండేది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి పట్టి, నేలకి బెత్తెడు ఎత్తున చెయ్యి ఆపి, వణక్కుండా వదిలేది. 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా వేసి, మొత్తం 37 అని నాకంటే ముందే చెప్పింది. ఆ చుక్కలకి సౌష్ఠవ అక్షాలు, అంటే మడిస్తే రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి సరిపోయే గీతలు, ఆరని తాడు పట్టి చూపించింది. వాకిట్లో రోజూ చేసే లెక్కని ఇన్నేళ్లూ బడిలోకి రానివ్వలేదే అని చాలా బాధేసింది.

సోషల్ సార్:
నేను బుర్రకథ చెప్పిస్తాను. కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. వంతలు వేసే ప్రశ్నలే నా పాఠం. అల్లూరి సీతారామరాజు కథలో “1922లో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదకే ఎందుకు పోయారన్నా?” అని వంత అడుగుతాడు. తుపాకుల కోసమని కథకుడు చెప్పాలి. “అసలు కోపమెందుకు?” అంటే 1882 అటవీ చట్టం, అది అడ్డుకున్న పోడు సాగు దాకా వెళ్లాలి. అందుకు ముందురోజు రాత్రి పుస్తకం తీయక తప్పదు.

సుద్దముక్క:
వాకిలి మేడమ్, రేపే చెట్టు కింద మొదలుపెడతాను. ఎంతసేపు పడుతుంది? మగపిల్లలు వేస్తారా?

వాకిలి:
మొదటిరోజు పీరియడంతా పోతుంది, పోనివ్వండి. మగపిల్లలు కాస్త సిగ్గుపడతారు. ముందు సుద్దముక్కతో చుక్కలు పెట్టించండి, గీతలకి వాళ్లే వస్తారు. మర్నాడు “64 చుక్కల ముగ్గు కావాలి, ఎన్నితో మొదలుపెట్టాలి?” అని అడగండి. వర్గమూలానికి 10 నిమిషాలు చాలు.