పాత పడవకు కొత్త కార్పెట్: నేలకు అంటించడమా, తీసి వేసుకొనేలా బిగించడమా?

కొత్త యజమాని: పాత ఫైబర్‌గ్లాస్ మోటారు పడవ ఒకటి కొని బాగు చేసుకుంటున్నాను. లోపలి కార్పెట్‌ను పూర్తిగా పీకేశాను. కింద ఉన్న ప్లైవుడ్ నేల చాలా వరకు గట్టిగానే ఉంది కాని, వెనుక వైపు ఇంజన్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మెత్తగా దిగిపోతోంది. ఆ భాగాన్ని కోసి కొత్త ప్లైవుడ్ వేస్తాను. ఆ తరువాత కొత్త కార్పెట్‌ను నేలంతా జిగురుతో అంటించాలా, లేక అంచుల వెంట ప్రెస్ బటన్లు పెట్టి ఎప్పుడైనా తీసుకొనేలా వేయాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

లంగరు: అంటించవద్దు. పడవలకు వాడే కార్పెట్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ నూలుతో చేసినది కాబట్టి నీరు పీల్చదని అమ్మేవారు చెబుతారు, అది నిజమే. అయితే నూలు పీల్చకపోయినా నూలు పోగుల మధ్య నీరు నిలుస్తుంది, అడుగున ఉండే రబ్బరు పొర తన కిందికి చేరిన నీటిని పైకి ఆరనివ్వదు, సీటు కాళ్లకు వేసిన స్క్రూ రంధ్రాల గుండా అది నెమ్మదిగా చెక్కలోకి దిగుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం దాన్ని కుళ్లబెట్టే శిలీంధ్రం పెరగదు, అది దాటి నెలల తరబడి అలాగే ఉంటే నేల పోయినట్టే. ఉప్పు నీటిలో తిరిగే పడవైతే మరీ కష్టం, ఎందుకంటే నూలులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ కార్పెట్‌ను ఎప్పటికీ పూర్తిగా ఆరనివ్వదు.

తెడ్డు: లంగరు గారు చెప్పినదంతా సీలు చేయని చెక్కకు వర్తిస్తుంది. కొత్త ప్లైవుడ్‌కు ఆరు ముఖాలా, ముఖ్యంగా కోత అంచులకు, ఎపాక్సీ (గట్టిపడి నీటిని ఆపే రెసిన్) రెండు మూడు పూతలు వేసి, స్క్రూ రంధ్రాలను కావలసిన దానికంటే పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులోనే మళ్లీ సన్నగా తొలిస్తే నీరు చెక్కను తాకే దారే ఉండదు. ఇక వదులుగా వేసిన కార్పెట్ కింద నీరు చేరదా? మరింత సులువుగా చేరుతుంది. పైగా దాని అంచు లేచి కాలికి తగులుతుంది, పడవను ట్రెయిలర్ మీద వేగంగా లాక్కుపోయేటప్పుడు గాలికి బటన్లు ఊడిపోతాయి. బయటి వాడకానికి పనికివచ్చే జిగురును పళ్లున్న తాపీతో పలుచగా పరచి, కార్పెట్‌ను మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కుతూ పోతే గాలి బుడగలు కూడా ఉండవు.

చుక్కాని: ఏ పద్ధతైనా సరే, నేలలోని మూతల చుట్టూ కార్పెట్ మందానికి తగిన ఖాళీ వదిలి మూతను కోయండి. లేకపోతే అంచు మీదుగా మడిచి అంటించాక మూత తిరిగి లోపలికి దిగదు.

లంగరు: ఆరు ముఖాలకూ ఎపాక్సీ అంటున్నారు. ఆయన వెనుక భాగం ఒక్కటే మారుస్తున్నారు. మిగిలిన పాత నేల అడుగు ముఖానికి పూత వేయడానికి చెయ్యి పడుతుందా?

తెడ్డు: అది జిగురు తప్పు కాదు. మీరు జిగురుకు ఒక్క లోపమైనా చూపలేదు.

లంగరు: చూపుతాను. నేను కొన్న పడవలో కొత్త కార్పెట్ చక్కగా, ముడత లేకుండా అంటించి ఉంది. దాని మీద నడిచి చూసి, నేల గట్టిగా ఉందని నమ్మి డబ్బు ఇచ్చాను. ఇంటికి తెచ్చి ఒక మూల లేపితే ప్లైవుడ్ చేతితో నలిపితే పొడి అయ్యే స్థితిలో ఉంది, నేల కింద పొడవునా ఉండే స్ట్రింగర్లు కూడా మెత్తబడ్డాయి. పడవ అడుగు వంగకుండా పట్టి ఉంచేవి అవే కాబట్టి, నేను కొన్నది పడవ ఆకారంలో ఉన్న డొల్ల మాత్రమే.

తెడ్డు: ఎవరో మిమ్మల్ని మోసం చేశారని కార్పెట్ అంటించే ప్రతి ఒక్కరినీ అనుమానిస్తారా? అమ్మినవారి మీది కోపాన్ని ఈయన పడవ మీద చూపకండి. నా సంగతీ వినండి. కార్పెట్ తీసేసి నునుపు రంగు వేసిన నేల మీద మా అబ్బాయి జారి గడ్డం చీల్చుకున్నాడు. ఎండలో ఆ నేల మీద వట్టి పాదం పెట్టలేకపోయాం. ఆ వేసవి అంతా పిల్లలు పడవ ఎక్కబోమన్నారు.

నీటిమట్టం: పాత జిగురును గ్రైండర్‌తో పొడిగా రుద్దవద్దు, కొన్ని పాత జిగుర్లలో పీలిస్తే హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. ఇది చదివే మిగతా వారికి ఒక మాట: మీది అల్యూమినియం పడవ అయితే రాగి మందు పట్టించిన ప్లైవుడ్ అసలు వాడవద్దు. తడి తగిలితే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది.

లంగరు: తెడ్డు గారూ, మీ అబ్బాయికి దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది. ఆ నేలకు ఇసుక కలిపిన గరుకు రంగు వేసి ఉండవలసింది. అయితే నా అభ్యంతరం ఇప్పుడు సూటిగా చెబుతాను. నాకు జిగురుతో గొడవ లేదు, కార్పెట్‌తోనూ లేదు. పాత పడవలో చెక్క ఎప్పుడూ కంటికి కనబడేలా ఉండాలన్నది నా పట్టుదల. బాగు చేయడం అంటే ఒకసారి పూర్తి చేసి మూసివేసే పని కాదని, ప్రతి ఏడాదీ తెరిచి చూడవలసినదని నేను నమ్ముతాను.

తెడ్డు: ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు, అక్కడే మనకు కుదరదు. నేను బాగు చేసేది మా ఇంటివాళ్లు నిశ్చింతగా కూర్చోవడానికి. ప్రతి ఏడాదీ తెరిచి చూడవలసిన నేలంటే నా లెక్కలో ఇంకా బాగుపడని నేల. మీరు తరువాతి కొనుగోలుదారు కోసం పడవను సిద్ధం చేస్తున్నారు, నేను అమ్మబోవడం లేదు.

లంగరు: అమ్మకపోయినా మీ తరువాత అది ఎవరి చేతికో వెళుతుంది.

కొత్త యజమాని: ఇద్దరి మాటలూ విన్నాక ముందుగా మెత్తబడిన చోట ప్లైవుడ్ కోసి స్ట్రింగర్లు చూస్తాను, అవి గట్టిగా ఉంటేనే కార్పెట్ మాట. పిల్లలు తిరిగే ముందు భాగంలో అంటిస్తాను, ఇంజన్ దగ్గరా మూతల మీదా బటన్లతో వేస్తాను. రెండు ముక్కల నూలు వాలు ఒకే వైపు ఉండేలా చూసుకుంటే రంగు తేడా కనబడదని అనుకుంటున్నాను.

తెడ్డు: కనబడదు. కాని ఎక్కేదీ దిగేదీ వెనుక నుంచే కదా, అంచు లేచేది అక్కడే. అక్కడా అంటించండి.

లంగరు: కుళ్లింది అక్కడే కాబట్టి అక్కడ మాత్రం అంటించవద్దు.