అప్‌డేట్: వడదెబ్బతో ఐసీయూలో ఉన్న మా బాపు ఇంటికొచ్చాడు

నర్సంపేట దగ్గర మా ఊరి కల్లంలో వడ్లు ఆరబోస్తూ బాపు పడిపోయాడని, వరంగల్‌లో చేర్పిస్తే కిడ్నీలు పనిచేయట్లేదన్నారని పోయిన నెల రాశాను. ఎండకీ కిడ్నీలకీ ఏం సంబంధమని అడిగాను.

తర్వాత డాక్టర్ గారే కూర్చోబెట్టి చెప్పారు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే కండరాల కణాలు పగిలిపోవచ్చట. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీల సన్నని గొట్టాల్లో అడ్డుపడుతుంది. అసలే ఒంట్లో నీళ్లుండవు. ఇలా కండరాలు పగిలిపోవడాన్నే రాబ్డోమయోలిసిస్ అంటారు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే మామూలుగా 200 లోపు ఉంటుంది, బాపుకి 46,000. పొటాషియం కూడా పెరిగింది, గుండె ఆగే ప్రమాదముందని చెప్పిన రాత్రి మాకెవరికీ నిద్ర లేదు.

యూరిన్ సంచిలో మూత్రం కాఫీ డికాక్షన్‌లా ఉండేది, అదీ గ్లాసెడు కూడా కాదు. నేను దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఐదు డయాలసిస్‌లయ్యాక ఒక పొద్దున సంచి సగానికి పైగా నిండింది, లేత పసుపు రంగులో. అమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 6.8 నుంచి 1.5కి దిగింది, డయాలసిస్ ఆపేశారు.

బాపు నొప్పుల మాత్రలేమైనా వేసుకున్నాడేమో అడిగి చూడమని పోయిన నెల నాకు చెప్పినవాళ్లకు దండం. పడిపోవడానికి ముందు రెండు రోజులు ఒళ్లు నొప్పులని వేసుకున్నాడట. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయట. ఇంట్లో ఉన్నవన్నీ పారేశాను.

తొడల్లో ఇంకా బలం లేదు. నిన్న సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వేపచెట్టు దాకా నడిచాడు. సోమవారం మళ్లీ రక్తపరీక్ష.