అప్‌డేట్: ఆ పారాట్రూపర్ బ్యాడ్జి నార్మండీది కాదు

పోయిన వారం అడిగాను కదా, "1944లో నార్మండీలో దూకిన సైనికుడిది" (రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్ తీరాన) అంటూ ఒకాయన నాకు అమ్మిన అమెరికన్ పారాచూట్ బ్యాడ్జి అసలుదేనా అని. కాదండీ. వెనక స్టెర్లింగ్ ముద్ర ఉంది, వెండీ నిజమే. నేను బోల్తా పడింది అక్కడే. మీరు చెప్పినట్టు భూతద్దం పెట్టి ముందువైపు చూశాను. పారాచూట్ గొడుగు నెత్తిన బుల్లి నక్షత్రం! అది సీనియర్ బ్యాడ్జి (ఎక్కువ అనుభవమున్న పారాట్రూపర్లకు ఇచ్చేది) గుర్తు, 1949లో గానీ రాలేదు. యుద్ధంలో దూకినవాళ్లూ నక్షత్రాలు తగిలించుకున్నారు గానీ అవి బ్యాడ్జిలోని రెక్కల మీదో, పారాచూట్ తాళ్ల మీదో. పైగా యుద్ధకాలం బ్యాడ్జిలకు ఎక్కువగా ఉండే పిన్ను వెనక లేదు, రెండు మేకులకు బిగించే క్లచ్‌లు. ఈ క్లచ్‌ల సంగతొక్కటే అయితే అనుమానంతో సరిపెట్టుకునేవాణ్ని. ఫొటోలు పంపితే అమ్మినాయన డబ్బు వెనక్కిస్తానన్నాడు, కొరియర్ ఖర్చు మాత్రం నాదేనట.